పాతకాలపు కూలీ, సంత, వడ్డీ చూసి ‘ఇదీ పెట్టుబడిదారీ విధానమే’ అనవచ్చా? తేల్చుకోవడం ఎలా

ఈ వాదన ఎప్పుడో ఒకప్పుడు మీ చెవిన పడే ఉంటుంది. “పెట్టుబడిదారీ విధానం కొత్తదేం కాదండీ. బాబిలోన్‌లో కూలి ఇచ్చారు, ఏథెన్స్‌లో వడ్డీకి తిప్పారు, మన శాతవాహనుల నాణెం మీద ఓడ బొమ్మే ఉంది. డబ్బుతో డబ్బు పుట్టించడం మనిషికి పుట్టుకతో వచ్చిన బుద్ధి.” ఎదుటివాడు ఊరుకుంటాడా? “అదంతా బానిస వ్యవస్థ, చదువుకోలేదా?” అని ఒక్క మాటతో కొట్టేస్తాడు. ఇద్దరిలో ఒక్కరూ ఒక్క మట్టి పలకనైనా, ఒక్క శాసనాన్నైనా విప్పి చూడరు. టీ మాత్రం చల్లారిపోతుంది.

విప్పి చూడటానికి నేను వాడుకునే పద్ధతి ఒకటి చెబుతాను. ఒక తెల్లకాగితం, ఒక పెన్ను, కొంచెం ఓపిక ఉంటే చాలు.

1. ముందు ఊరు, కాలం ఖాయం చేసుకోండి

“ప్రాచీన కాలంలో…” అని మొదలయ్యే వాక్యాన్ని నమ్మకండి, మీరూ రాయకండి. క్రీ.పూ. 1750 ప్రాంతపు బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనం నుంచి క్రీ.శ. 301 నాటి రోమన్ చక్రవర్తి డయోక్లెటియన్ ధరల శాసనం దాకా దాదాపు 2050 ఏళ్ళు. డయోక్లెటియన్ నుంచి మన దాకా 1700 పైచిలుకే. అంటే హమ్మురాబి కంటే మనమే డయోక్లెటియన్‌కు దగ్గరివాళ్ళం. వాళ్ళిద్దరినీ ఒకే గాటన కట్టేస్తే ఇక పరీక్షించేది ఏముంటుంది?

ఒక ఊరు, మహా అయితే వందేళ్ళు. కాగితం నెత్తిన అది రాయండి.

నేనైతే కనేష్ తీసుకుంటాను. ఇవాళ్టి టర్కీలో కైసెరి పట్నానికి దగ్గర్లో కుల్‌టెపె అనే పెద్ద దిబ్బ ఉంది. క్రీ.పూ. 1900 ప్రాంతంలో అక్కడ అసూర్ నగరపు వర్తకులు మకాం పెట్టారు. అసూర్ ఏమో ఇరాక్‌లో, టైగ్రిస్ ఒడ్డున, వెయ్యి కిలోమీటర్ల దూరాన. ఆ వర్తకుల ఇళ్ళ శిథిలాల్లో 20 వేలకు పైగా మట్టి పలకలు దొరికాయి. రాజుగారి బిరుదులూ విజయాలూ కావు. ఉత్తరాలు, అప్పుపత్రాలు, పద్దులు, వాటాల తగాదాలు. ‘పాతకాలంలోనూ పెట్టుబడిదారీ విధానం ఉంది’ అనేవారికి ఇంతకంటే గట్టి సాక్షి దొరకడం కష్టం. కాబట్టి పరీక్ష పెడితే దీనికే పెట్టాలి. మధ్యమధ్యలో ఏథెన్స్, రోమ్, నాసిక్ కూడా వస్తాయి, పోల్చి చూసుకోవడానికి.

2. మాటకు అర్థం ముందే రాసిపెట్టండి

తగాదాల్లో ముప్పాతిక ఇక్కడే పుడతాయి. కాగితం మీద రెండు అర్థాలు రాయండి.

వెడల్పు అర్థం: లాభం కోసం డబ్బు పెట్టి, సరుకు కొని, ఎక్కువకు అమ్మడం.

బిగువు అర్థం: జనంలో ఎక్కువమందికి సంతకు పోకుండా బతుకు గడవదు. భూమీ పనిముట్లూ లేనివాడు తన శ్రమశక్తిని అమ్ముకోక తప్పదు. అవి ఉన్నవాడు కూడా ఖర్చు తగ్గించుకుంటూ, లాభాన్ని మళ్ళీ ఉత్పత్తిలోనే పెట్టుకుంటూ పోకపోతే పక్కవాడి పోటీకి మునిగిపోతాడు.

పెద్ద పండితులే ఈ మాటను రెండు రకాలుగా వాడారు. ప్రాచీన ప్రపంచంలోనూ ఒక తరహా పెట్టుబడిదారీతనం ఉందని జర్మన్ సామాజికవేత్త మాక్స్ వెబర్ రాశాడు. మార్క్స్ వర్తక పెట్టుబడినీ వడ్డీ పెట్టుబడినీ ‘జలప్రళయానికి ముందటి’ రూపాలన్నాడు. అంటే అవి ఎప్పుడో పుట్టాయి, ఆధునిక పెట్టుబడి మాత్రం తర్వాత వచ్చింది అని. మీరు ఏ అర్థమైనా ఎంచుకోండి, నాకు పేచీ లేదు. సగం వాదనలో మార్చడానికి మాత్రం వీల్లేదు. కూలి గురించి మాట్లాడేటప్పుడు వెడల్పు అర్థం, ఫ్యాక్టరీ గురించి మాట్లాడేటప్పుడు బిగువు అర్థం వాడేవాళ్ళని చాలామందిని చూశాను.

నా మొగ్గు బిగువు అర్థానికే. జల్లెడ కన్నాలు మరీ పెద్దవైతే బియ్యమూ రాళ్ళూ కలిసే కిందపడతాయి. ఉప్పు అమ్మే గాడిదల బేరగాడూ మాంచెస్టర్ మిల్లు యజమానీ ఒకే ఖాతాలో పడితే, ఆ ఖాతా వల్ల మనకు తెలిసేది ఏమీ ఉండదు.

3. కూలిని నాలుగు ప్రశ్నలు అడగండి

ఏమిచ్చారు? ఎవరిచ్చారు? ఎంతకాలానికి? ఆ కూలి రాకపోతే ఆ ఇంట పొయ్యి వెలిగేదా?

నాలుగోదే అసలు ప్రశ్న. మొదటి మూడూ దాని దగ్గరికి తీసుకెళ్ళే దారులు.

క్రీ.పూ. 21వ శతాబ్దంలో ఇవాళ్టి ఇరాక్‌లోని ఉర్ నగరపు రాజుల నేతశాలల్లో వేలమంది ఆడవాళ్ళు పనిచేశారు. పద్దుల్లో మగమనిషికి నెలకు 60 సిలాల బార్లీ, ఆడమనిషికి 30 అని ఉంటుంది. సిలా అంటే ఇంచుమించు లీటరు. వరసగా పేర్లు, పక్కన అంకెలు. చూడగానే జీతాల రిజిస్టరు అనిపిస్తుంది. కానీ అందులో బేరం లేదు, నచ్చకపోతే మానేసి పక్క నేతశాలకు పోవడం లేదు. అది బత్తెం. బత్తేన్ని కూలి అని అనువదించిన క్షణంలోనే సగం తప్పు జరిగిపోతుంది.

హమ్మురాబి శాసనంలో నిజమైన కూలే ఉంది. 273వ నిబంధన ప్రకారం ఏడాది మొదటి నుంచి అయిదో నెల దాకా రోజుకూలికి ఆరు గింజల బరువు వెండి, ఆరో నెల నుంచి అయిదు గింజలు. 180 గింజలు ఒక షెకెల్, అంటే ఎనిమిది గ్రాములకు కాస్త ఎక్కువ. పగలు పొడుగ్గా ఉండి కోతలు సాగే నెలల్లో కూలి పెరుగుతోందన్న మాట. కోతల కాలంలో కూలి రేటు గురించి మన రైతులు పడే బాధ నాలుగు వేల ఏళ్ళ నాటిది. అదే శాసనం 257వ నిబంధనలో పొలం మనిషికి ఏడాదికి ఎనిమిది గుర్‌ల ధాన్యం అని ఉంది (గుర్ అంటే 300 సిలాలు). అది చదివినప్పుడు నాకు మా తాతగారి ఊరి పాలేర్లు గుర్తొచ్చారు. ఉగాది ముందు కూర్చుని ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లు, రెండు జతల బట్టలు, ఒక జత చెప్పులు అని మాట్లాడుకునేవారట. పాలేరు ఉన్నాడు కాబట్టి అది పెట్టుబడిదారీ ఊరని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు ఏథెన్స్‌కు రండి. ఊరి సంత మైదానం అగోరా పక్కన కొలొనోస్ అనే గుట్ట ఉంది. రోజుకూలికి పోయేవాళ్ళు అక్కడ చేరి, పిలిచేవాళ్ళ కోసం ఎదురుచూసేవారు. అచ్చం మన కూలీల అడ్డా. తాపీ పట్టుకుని, టిఫిన్ డబ్బాతో సెంటర్లో నిలబడే మనిషి కళ్ళ ముందు కదులుతాడు. చాలామంది ఇక్కడే బోల్తాపడి, “చూశారా, శ్రమ మార్కెట్!” అంటారు.

మార్కెట్టే, కాదనను. నాలుగో ప్రశ్న వేయండి. క్రీ.పూ. 403లో ఫోర్మిసియస్ అనే ఆయన, భూమి ఉన్నవాళ్ళకే పౌరసత్వం ఉంచుదామని ప్రతిపాదన పెట్టాడు. అది నెగ్గి ఉంటే 5,000 మంది పౌరసత్వం పోయేదని ఒక పాత వివరణ చెబుతోంది. దాన్ని తిరగేసి చదవండి. ఏథెన్స్ పౌరుల్లో భూమి లేనివాళ్ళు చిన్న భాగమే. ఎక్కువమందికి ఎంతో కొంత చెక్క ఉంది, నాలుగు ఆలివ్ చెట్లున్నాయి. అడ్డా ఊరికి ఒక అంచున ఉంది, ఊరంతా అడ్డా మీద నిలబడలేదు.

కూలి అంటే ఆనాటి పెద్దమనుషులకు ఎంత చులకనో కూడా చూడండి. చేతి పనికి తీసుకునే కూలి బానిసత్వానికి బయానా లాంటిదని రోమన్ వక్త సిసెరో రాశాడు. పెట్టుబడిదారీ సమాజంలో జీతగాడిని స్వేచ్ఛాజీవి అంటారు. ఆయన కళ్ళకు అతడు సగం బానిస.

4. కూలి ఎవరి చేతిలో పడిందో చూడండి

ఇది చిన్న మెట్టే గానీ దాటేయకండి. ఏథెన్స్‌లోని అక్రొపోలిస్ కొండ మీద ఎరెక్‌థియోన్ గుడి కట్టేటప్పుడు, క్రీ.పూ. 409 తర్వాత, లెక్కలు రాతి మీద చెక్కారు. పౌరుడు, పరదేశి, బానిస ముగ్గురూ పక్కపక్కన స్తంభాలు చెక్కారు, ముగ్గురికీ రోజుకు ఒక డ్రాక్మా (అక్కడి వెండి నాణెం). చూడ్డానికి ఎంత సమానత్వం! బానిస పేరున పడిన డ్రాక్మా అతని యజమాని సంచిలోకి పోతుంది.

ఇంకా పెద్ద లెక్క ఏథెన్స్ సేనాని నిషియాస్‌ది. ఏథెన్స్ దగ్గరి లారియోన్ వెండి గనుల్లో పనికి ఆయన వెయ్యి మంది బానిసలను సోసియాస్ అనే థ్రేస్ దేశీయుడికి అద్దెకిచ్చాడని ఆ ఊరి రచయిత జెనొఫోన్ రాశాడు. తలకు రోజుకు ఒక ఒబోల్ (డ్రాక్మాలో ఆరో వంతు), ఖర్చులన్నీ అవతలివాడివే. పైగా వెయ్యి తల తగ్గకూడదు, చచ్చినవాడి స్థానంలో ఇంకొకణ్ణి నింపాలి. రోజుకు వెయ్యి ఒబోళ్ళంటే ఏడాదికి దాదాపు పది టాలెంట్లు (టాలెంటు అంటే 6,000 డ్రాక్మాలు). అది రాబడి, లాభం, పెట్టుబడి మీద ప్రతిఫలం, ఏమైనా అనండి. కానీ అక్కడ అమ్ముడైంది శ్రమశక్తి కాదు, మనిషి.

“అమెరికా పత్తి తోటల్లోనూ బానిసలే కదా, అది పెట్టుబడిదారీ కాదా?” అని మిమ్మల్ని అడుగుతారు. మంచి ప్రశ్న. ఆ పత్తి వెళ్ళింది ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులకు, అక్కడ కూలిమీద తప్ప బతకలేని జనం దగ్గరికి. లారియోన్ వెండి వెనక అలాంటి మిల్లులు లేవు.

5. సంత ఉందా, ధర కదులుతుందా?

ఇక్కడ రెండో పక్షంవాళ్ళు తప్పుచేస్తారు. పాత సమాజాల్లో మార్కెట్ లేదని, ధరలన్నీ రాజో గుడో కట్టినవేనని ఆర్థిక చరిత్రకారుడు కార్ల్ పొలాని 1957లో గట్టిగా వాదించాడు. హమ్మురాబి కాలపు వ్యాపారాన్ని మార్కెట్ లేని వ్యాపారం అన్నాడు. పలకలు చదివినకొద్దీ ఆ మాట నిలబడలేదు. కనేష్ ఉత్తరాల్లో వర్తకులు ధర పడిందని ఏడుస్తారు, ధర లేచేదాకా ఆగమంటారు, లాభం నష్టం అని నోరారా అంటారు.

బాబిలోన్‌లో ఇంకా ముచ్చటైన సాక్ష్యం ఉంది. అక్కడి జ్యోతిష్కులు కొన్ని వందల ఏళ్ళపాటు గ్రహాల గతులతో పాటు ఒక షెకెల్ వెండికి ఎంత బార్లీ, ఎన్ని ఖర్జూరాలు, ఎంత నువ్వులు, ఎంత ఉన్ని వస్తుందో కూడా రాసిపెట్టారు. రూపాయికి ఇన్ని శేర్లు అని మన ముసలివాళ్ళు చెప్పినట్టే. ఆ లెక్క నెలనెలకూ మారుతుంది, కోతలకు ముందొకటి, తర్వాతొకటి. డయోక్లెటియన్ గోధుమల కొలతకు 100 డెనారీలు, తిండి పెట్టి పొలం కూలికి 25 డెనారీలు అని ధరలు కట్టేస్తే భయానికి సరుకు సంతలోంచి మాయమైందని ఆనాటి రచయిత లాక్టాన్షియస్ రాశాడు. ధర కట్టగానే సరుకు మాయమైందంటే అక్కడ సంత బతికే ఉందన్న మాట.

కాబట్టి కాగితం మీద కూలి, సంత, వడ్డీ అని గడులు గీసి, సంత గడిలో నిస్సంకోచంగా ‘ఉంది’ అని రాయండి. రోమ్‌ది మార్కెట్ ఆర్థిక వ్యవస్థే అని ఆర్థికవేత్త పీటర్ టెమిన్, కాదు హోదాలదే పెత్తనం అని చరిత్రకారుడు మోజెస్ ఫిన్లే. వాళ్ళ తగువు చదవదగ్గదే గానీ మన ప్రశ్నకు అది సగమే. మిగిలిన సగం: సంతలోకి ఏమేం వచ్చాయి, ఏమేం రాలేదు? తగరం వచ్చింది, బట్ట వచ్చింది, మనిషే వచ్చాడు. రైతు తన తిండిగింజల కోసం వచ్చాడా? పండించినదాంట్లో మిగిలింది అమ్ముకోవడానికి వచ్చాడా? రెండో రకం రైతుకు సంత మూతపడితే ఇబ్బంది, మొదటి రకం రైతుకు ఆకలి.

6. లాభం వెంట నడవండి

అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చోవాల్సింది ఇక్కడే.

అసూర్‌లో వర్తకుడు ఒక గాడిద మీద 65 కిలోల దాకా తగరం ఎక్కిస్తాడు, లేదా పాతిక ముప్పై బట్టలు. ఆరువారాల ప్రయాణం, దారిలో సుంకాలు. అసూర్‌లో ఒక షెకెల్ వెండికి 14, 15 షెకెళ్ళ తగరం వచ్చేది. కనేష్‌లో ఏడెనిమిదే. అంటే అక్కడికి చేరితే చాలు, వెండి ఇంచుమించు రెట్టింపు. బట్టల మీద అంతకంటే ఎక్కువే. వెండి, బంగారం మూటగట్టి అసూర్‌కు పంపితే మళ్ళీ తగరం, మళ్ళీ బట్ట. డబ్బు, సరుకు, ఎక్కువ డబ్బు. ఈ చక్రం చూసి కళ్ళు తిరగకపోతేనే ఆశ్చర్యం.

మదుపు ఏర్పాట్లు చూస్తే ఇంకా. ‘నరుక్కుమ్’ అంటే సంచి. పదిమందికి పైగా మదుపుదారులు బంగారం లెక్కన వాటాలు వేసి ఒక వర్తకుడికి ఆ ‘సంచి’ అప్పగిస్తారు. అముర్-ఇష్తార్ అనే వర్తకుడి సంచి 30 మినాల బంగారం (మినా అంటే ఇంచుమించు అరకిలో), గడువు 12 ఏళ్ళు. మధ్యలో వాటా వెనక్కి లాక్కుంటే లాభం దక్కదు. మన చీటీపాట కంటే కట్టుదిట్టంగా ఉంది కదా!

ఇక దొంగదారులు. సుంకం ఎగ్గొట్టడానికి వాడే ఇరుకు బాటకు వాళ్ళ ఉత్తరాల్లో ప్రత్యేకంగా పేరే ఉంది. పూషు-కేన్ అనే పెద్ద వర్తకుడు దొంగసరుకు గొడవలో దొరికి, రాజభవనం చెరలో పడ్డాడు.

ఇప్పుడు కాగితం మీద రెండు గీతలు గీయండి. ఒకటి ‘లాభం ఎక్కడ పుట్టింది?’ రెండోది ‘లాభం ఎక్కడికి పోయింది?’

లాభం పుట్టింది రెండు ఊళ్ళ ధరల తేడాలో. తగరం తూర్పు నుంచి అసూర్‌కు వచ్చేది, దాన్ని తవ్వడంతో ఈ వర్తకుడికి పని లేదు. బట్ట కొంత దక్షిణాన బాబిలోనియా నుంచి కొన్నది, కొంత అసూర్ ఇళ్ళల్లో ఆడవాళ్ళు నేసినది. పూషు-కేన్ భార్య లమస్సీ ఉత్తరాలు ఇప్పటికీ చదవొచ్చు. బట్టలు పంపానంటుంది, ఉన్ని ఖరీదు పెరిగిందంటుంది, వెండి ఇంకా పంపలేదేమంటుంది. వెండి ఎక్కడికి పోవాలో కూడా ఆవిడే చెబుతుంది: నువ్వు వెళ్ళాక షలిమ్-అహుమ్ ఇల్లు రెండింతలు కట్టాడు, మనమెప్పుడు కడతాం? గల్ఫ్‌కు పోయిన మొగుడికి కరీంనగర్ నుంచో కడప నుంచో రాసిన ఉత్తరంలో ఇది ఉన్నా మనం తేడా పట్టలేం.

ఆగండి, ఎదురు సాక్ష్యం కూడా రాసుకోవాలి. ఒక వర్తకుడు వక్కుర్తుమ్ అనే నేతగత్తెకు రాసిన ఉత్తరం ఉంది. బట్టకు ఒక మినా ఉన్ని ఎక్కువ వేయి, ఒక పక్కన దువ్వు, పడుగు ఒత్తుగా ఉండాలి అని. అంటే వర్తకుడి చెయ్యి మగ్గం దాకా వచ్చింది. ఈ ఉత్తరం చదివిన రోజు నా తీర్పు కాస్త కదిలింది. మళ్ళీ చూస్తే ఆయన అడుగుతున్నది కనేష్ సంతలో అమ్ముడయ్యే రకం. తక్కువ మందితో, తక్కువ గంటల్లో, తక్కువ ఖర్చుతో నేయించే ఆలోచన అందులో లేదు. మగ్గం మారలేదు, నేసే చోటు మారలేదు, నేసే ఆవిడ కూలిమనిషి కాలేదు. ఇంటి మనిషిగానే ఉంది.

ఈ రెండో గీతకు మన దేశంలోనే ఒక మంచి పాఠం ఉంది. 1969-70 ప్రాంతంలో పంజాబ్ పెద్ద రైతుల సర్వేతో మొదలై, భారత వ్యవసాయం పెట్టుబడిదారీ అయిందా లేదా అని ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. కూలీలను పెట్టుకున్నంత మాత్రాన రైతు పెట్టుబడిదారు కాడు, మిగులును మళ్ళీ సాగులో పెట్టి విస్తరిస్తున్నాడా అన్నది చూడాలని ఉత్సా పట్నాయక్ అన్నారు. 1970ల పంజాబ్‌కే ఆ ప్రశ్న అవసరమైనప్పుడు క్రీ.పూ. 1900కు అవసరం లేదంటే ఎలా?

ఏథెన్స్‌లో వక్త డెమొస్తనీస్ తండ్రికి కత్తులు చేసే బానిసలు 32 మందో 33 మందో, మంచాలు చేసేవాళ్ళు 20 మంది ఉండేవారు. కత్తులవాళ్ళ మీద ఏడాదికి 30 మినాలు (ఏథెన్స్‌లో మినా అంటే 100 డ్రాక్మాలు), మంచాలవాళ్ళ మీద 12 మినాలు వచ్చేది. కొందరు అనువాదకులు దీన్ని ‘కత్తుల ఫ్యాక్టరీ’ అంటారు. ఫ్యాక్టరీ అన్న మాట కొట్టేసి చదవండి. ఆ మంచాలవాళ్ళు 40 మినాల అప్పుకు తాకట్టుగా వచ్చినవాళ్ళు. ఆయన సంపద కత్తులు, మంచాలు, ఓడ అప్పులు, చేబదుళ్ళు అని నాలుగు దిక్కులా చెదిరి ఉంది. కత్తులను చవగ్గా చేసి పక్కవాడిని ముంచే పని ఆయన పెట్టుకోలేదు. రోమ్‌లో దారి ఇంకా సూటిగా ఉంటుంది. వ్యాపారి సంపాదించి, రేవు వదిలి, పొలాలు కొని స్థిరపడితే అప్పుడు మెచ్చుకోవచ్చు అంటాడు సిసెరో.

7. వడ్డీ లెక్క కట్టండి, తర్వాత దాన్ని చెరిపేసే చెయ్యి ఎవరిదో చూడండి

నాసిక్ గుహల్లో క్షత్రప రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడి శాసనం ఉంది, 42వ సంవత్సరం అని. అందులో భిక్షు సంఘానికి 3,000 కార్షాపణాల (అప్పటి నాణేలు) శాశ్వత నిధి. అందులో 2,000 ఒక సాలెవారి శ్రేణి (వృత్తి సంఘం) దగ్గర, నెలకు నూటికి ఒకటి. మిగతా 1,000 ఇంకో సాలెవారి శ్రేణి దగ్గర, నెలకు నూటికి ముప్పావు. మన భాషలో రూపాయి వడ్డీ, ముప్పావలా వడ్డీ! రెండు వేలకు ఏడాదికి 240, ఇరవైమంది భిక్షువులకు బట్టల ఖర్చుకు తలా 12 కార్షాపణాలు. లెక్క పైసా తేడా లేకుండా సరిపోతుంది. అసలు ఎప్పటికీ తిరిగి ఇవ్వక్కర్లేదు, ‘వఢి’ మాత్రమే అనుభవించాలి. ఆ ప్రాకృత ‘వఢి’ మన ‘వడ్డీ’కి దగ్గరి చుట్టం.

కనేష్‌లో వర్తకుల మధ్య మామూలు రేటు ఏడాదికి 30 శాతం, అంటే రెండున్నర రూపాయల వడ్డీ. కౌటిల్యుడి అర్థశాస్త్రం ధర్మమైన వడ్డీ నూటికి నెలకు ఒకటింబావు అంటుంది, వర్తకులకు అయిదు, అడవి దారుల వ్యాపారులకు పది, సముద్ర వ్యాపారులకు ఇరవై. ప్రమాదం పెరిగితే వడ్డీ పెరుగుతుందన్న లెక్క వాళ్ళకు మనంతగా తెలుసు. వడ్డీ గడిలోనూ ‘ఉంది’ అని రాసేయండి.

ఇప్పుడు చెరిపేసే చెయ్యి. బాబిలోన్ రాజు అమ్మి-సదూక క్రీ.పూ. 17వ శతాబ్దంలో అప్పులు రద్దు చేశాడు. రైతులూ సామాన్యులూ తీసుకున్న ధాన్యం అప్పులు, వెండి అప్పులు పోయాయి. వ్యాపారం కోసం తీసుకున్న అప్పులు మాత్రం పోలేదు! మూడు వేల ఆరొందల ఏళ్ళ కిందటి రుణమాఫీలో కూడా ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అన్న షరతులున్నాయి. ఆ షరతే మనకు కావలసిన ఆధారం. వర్తకుల డబ్బు ఒక లోకం, రైతు బతుకు ఇంకో లోకం అని రాజుకు తెలుసు. రైతు పూర్తిగా అప్పులోకీ సంతలోకీ కూరుకుపోయి, భూమి వదిలి, పన్నూ కొలువూ ఇవ్వలేని స్థితి వస్తే రాజ్యానికే ముప్పు. అందుకే మధ్యమధ్యలో రాజే వచ్చి పలక చెరిపేవాడు. కనేష్ చుట్టుపక్కల రాజులూ అప్పులు ‘కడిగేసిన’ దాఖలాలున్నాయి.

8. ‘చెయ్యగలిగీ ఎందుకు చెయ్యలేదు?’ అని అడగండి

పాతవాళ్ళకు తెలివి లేదు, యంత్రాలు తెలియవు, అందుకే పెట్టుబడిదారీ విధానం రాలేదు అనే మాట వినిపిస్తే ఫ్రాన్స్‌లోని బార్బెగాల్ చూపించండి. ఆర్ల్ దగ్గర, క్రీ.శ. రెండో శతాబ్దంలో, కొండవాలు మీద రెండు వరసల్లో 16 నీటి చక్రాలు పిండి విసిరేవి. తెలివికి లోటేమీ లేదు.

పెద్ద స్తంభాలను తక్కువ ఖర్చుతో మోసుకుపోయే ఉపాయం ఒకడు చెబితే రోమన్ చక్రవర్తి వెస్పాసియన్ బహుమానం ఇచ్చి, వద్దన్నాడు. నా జనానికి తిండి పెట్టనీ అన్నాడట. మిల్లు యజమాని ఆ మాట అనలేడు. అంటే ఏడాదిలో పక్క మిల్లువాడు అతన్ని మింగేస్తాడు. వెస్పాసియన్ అనగలిగాడు, ఆయన్ని మింగే పక్కవాడు లేడు. బిగువు అర్థంలో చివరి వాక్యం పరీక్షించడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

9. తీర్పు ఒక్క ముక్కలో రాయకండి

కనేష్ కాగితం మీద నా తీర్పు ఇలా ఉంటుంది: వర్తక పెట్టుబడి పూర్తిగా ఉంది. వడ్డీ పెట్టుబడి ఉంది. కదిలే ధరలున్నాయి. అమ్ముకోవడం తప్ప దారిలేని కూలీజనం సమాజానికి పునాదిగా లేరు. ఉత్పత్తి పద్ధతిని మార్చి తీరాలన్న ఒత్తిడి లేదు. కాబట్టి బిగువు అర్థంలో పెట్టుబడిదారీ విధానం కాదు, వెడల్పు అర్థంలో అవును.

కింద ఇంకో వరస రాయండి: ‘ఏం దొరికితే నా తీర్పు మారుతుంది?’ అసూర్‌లో వర్తకుడే కూలి ఇచ్చి పదుల మగ్గాలు ఒకచోట పెట్టించి, పక్క వర్తకుడి కంటే చవగ్గా నేయిస్తున్న పద్దులు దొరికితే నాది మారుతుంది. ఈ వరస రాయలేకపోతే మీరు చేసింది పరీక్ష కాదు, ముందే అనుకున్నదానికి ముద్ర వేయడం.

10. ఇక సొంతంగా ఒకటి చేసి చూడండి

దగ్గర్లోనే మొదలుపెట్టండి. బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడి అభయశాసనం ఉంది, క్రీ.శ. 1244 నాటిది. ప్రాచీనం కాదు, మధ్యయుగం. అయినా ఈ పద్ధతికి చక్కగా లొంగుతుంది. తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాగేసుకునేవారని, తాను మాత్రం నిర్ణయించిన సుంకమే తీసుకుంటానని రాజు వర్తకులకు మాట ఇస్తున్నాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం అంటూ సరుకుల పట్టీ ఉంది.

ఊరు, కాలం రాయండి. అర్థం ఎంచుకోండి. సుంకం, సరుకు, ఓడ గడులు చకచకా నిండిపోతాయి. తర్వాత ఆ ఓడలోంచి మూటలు దించినవాడి దగ్గరికి రండి, ఆ రాత్రి అతని కంచంలో పడిన అన్నం ఎవరి పొలానిదో రాయడానికి చూడండి. అక్కడ పెన్ను ఆగిపోతే తీర్పు పక్కన పెట్టి, కాకతీయుల చెరువుల శాసనాలూ భూదానాల శాసనాలూ తెరవండి.